మ్యూజియంలో మన పిల్లల వాటా



హక్కులు అనగానే మనకు వక్ఫ్ భూములు, ఉపకార వేతనాలు, ఉద్యోగాలు గుర్తుకు వస్తాయి. అవన్నీ అవసరమే. అయితే మన బస్తీల పక్కనే, మూసీ ఒడ్డున ఉన్న ఒక జాతీయ సంస్థలో మన వాటాను గురించి మనం ఇంతవరకు పెద్దగా ఆలోచించలేదు. అది సాలార్‌జంగ్ మ్యూజియం.

ఆధునిక భారతీయ కళ కోసం కేంద్ర ప్రభుత్వం 1954లో ఢిల్లీలోని జైపూర్ హౌస్‌లో జాతీయ కళా ప్రదర్శనశాలను ప్రారంభించింది. 1996లో ముంబైలో, 2009లో బెంగళూరులో దాని శాఖలు వెలిశాయి. హైదరాబాదుకు అటువంటి శాఖ రాలేదు. కనుక పాతబస్తీ పిల్లలకు దగ్గరలో ఉన్నది సాలార్‌జంగ్‌లోని ఆధునిక చిత్రాల విభాగమే.

మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ జీవితమంతా సేకరించిన సంపద అది. ఆయన 1949లో మరణించారు. 1951లో దీవాన్ దేవ్డీలో నెహ్రూ మ్యూజియంను ప్రారంభించారు. 1961లో పార్లమెంటు చట్టం చేసి దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో అది నేటి భవనంలోకి మారింది.

సందర్శకులు గంటలు కొట్టే గడియారం ముందు, మేలిముసుగు రెబెకా ముందు గుమిగూడి వెళ్లిపోతారు. ఆధునిక చిత్రాల ముందు ఆగేవారు తక్కువ. రవివర్మ, నందలాల్ బోస్ చిత్రాలున్న ఆ విభాగంలోనే చుగ్తాయీ, హుసేన్ కూడా ఉన్నారు. ఒకప్పుడు సినిమా హోర్డింగులు గీసి పొట్టపోసుకున్న మక్బూల్ ఫిదా హుసేన్ 1947లో ప్రగతిశీల చిత్రకారుల బృంద స్థాపకులలో ఒకరయ్యారు. 2006లో దేశం విడిచి, 2011లో లండన్‌లో కన్నుమూశారు. ఆయన దేశానికి దూరమైనా ఆయన కళ ఈ దేశానిదే. బోర్డులు రాసి బతికే మన యువకులు ఆ సంగతి తెలుసుకోవాలి. బొమ్మల విషయంలో సంకోచించే కుటుంబాలకు అక్కడి ఖుర్‌ఆన్ ప్రతుల నగీషీ రాత ఒక్కటి చాలు, కళ మన ఇంటిదేనని గ్రహించడానికి.

ఇక్కడొక చిక్కు ఉంది. మ్యూజియంకు శుక్రవారం సెలవు. మన మదరసాలకూ శుక్రవారమే సెలవు. పిల్లలకు తీరిక ఉన్న రోజున తలుపులు మూసి ఉంటాయి. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సిబ్బందికి విశ్రాంతి అవసరమే. అయినా అడగనిదే అమ్మయినా పెట్టదంటారు.

అందువల్ల మనం రెండు పనులు చేద్దాం. నెలకు ఒక శుక్రవారం, జుమా నమాజు అనంతరం విద్యార్థుల కోసం మ్యూజియం తెరవాలని, ఉర్దూ, తెలుగు భాషలలో వివరించేవారిని ఆ రోజు నియమించాలని, సిబ్బందికి బదులు సెలవు ఇవ్వాలని పాలకమండలికి రాతపూర్వకంగా విన్నవిద్దాం. ఆ మండలికి గవర్నరు అధ్యక్షులు. రెండవది, జవాబు వచ్చేదాకా వేచి ఉండకుండా, మదరసా బాధ్యులు ఏడాదికి ఒక్క పనిదినాన్నయినా ఇందుకు కేటాయించాలి. ఆడపిల్లలనూ తప్పక తీసుకువెళ్లాలి.

విన్నపం ప్రతి ఈ బల్లపై ఉంది. సంతకం చేసి వెళ్లవలసిందిగా కోరుతున్నాం. అల్లాహ్ మన ప్రయత్నాన్ని సఫలం చేయుగాక.