వీర్యపరీక్ష - సంతానచికిత్స

ఇంటిల్లిపాదియు రేడియో చెంత కూర్చుండి వినుచుందురని ఎరిగియే మేము ఈ విషయము నెన్నుకొంటిమి. చాటున పెట్టుటవలన నష్టమే గాని లాభము లేదు.

మన భాషలో గొడ్రాలు అను మాట కలదు. మగవానికి అట్టి మాట ఇంటింట వాడుకలో లేదు. సంతానము కలుగనిచో కోడలిని గుడులకును, ఆసుపత్రులకును త్రిప్పుదురు. కుమారుని పరీక్ష చేయించుకొమ్మనుటకు ఎవరికిని నోరు రాదు. దశరథునకు భార్యలు ముగ్గురు. అయినను పుత్రకామేష్టికి దీక్ష వహించినవాడు ఆయనయే గదా! సంతానలేమి గల దంపతులలో ఇంచుమించు సగము మంది విషయమున పురుషుని లోపము కూడ ఉండునని వైద్యులు చెప్పుచున్నారు.

వీర్యపరీక్ష కష్టమైనది కాదు. రెండు మొదలు ఏడు దినముల వరకు నియమముగా నుండి నమూనా నీయవలెను. అందులోని కణముల సంఖ్యను, కదలికను, ఆకారమును సూక్ష్మదర్శినిలో చూతురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇందులకై 1980లో ఒక గ్రంథమును వెలువరించెను. దాని ఆరవ కూర్పు 2021లో వచ్చెను. దాని ప్రకారము కనీసపు హద్దు మిల్లీలీటరునకు 1 కోటి 60 లక్షల కణములు. నూటికి 42 కదలవలెను. నూటికి 4 చక్కని ఆకారము కలిగి యుండిన చాలును.

ఈ హద్దులెట్లు వచ్చినవి? ఏడాదిలోపల భార్య గర్భవతియైన పురుషులను పరీక్షించి, నూటికి ఐదుగురు మాత్రమే దిగువనుండు అంకెను హద్దుగా గైకొనిరి. ఆ ఐదుగురును తండ్రులైనవారే! కావున అంకె తగ్గినంత మాత్రమున ఆశ వదలుకొనరాదు. మించినంత మాత్రమున నిశ్చింతగా నుండరాదు. మరియు కణము తయారగుటకు రెండున్నర నెలలు పట్టును. నిన్నమొన్నటి తీవ్రజ్వరము నేటి ఫలితమును తగ్గింపవచ్చును. అందుచేత లోపము కనబడినచో మరల పరీక్షింపవలెను.

ఇక చికిత్స. లోపము స్వల్పమైనచో శుభ్రపరచిన కణములను గర్భాశయములో ప్రవేశపెట్టుదురు. అది చాలనిచో అండమును వెలుపలికి తీసి గాజుపాత్రలో ఫలింపజేయుదురు. ఈ విధమున తొలి శిశువు 1978లో ఇంగ్లండున జన్మించెను. కణములు మిక్కిలి తక్కువైనచో ఒక్క కణమునే సూదితో అండములోనికి పంపుదురు. 1992లో బ్రస్సెల్సు వైద్యులు వెల్లడించిన ఈ పద్ధతికి ఇక్సీ యని పేరు. వీర్యమున కణములే లేనివారికి సైతము ఒక్కొక్కప్పుడు వృషణమునుండి తీసి వాడవచ్చును.

అనగా వీర్యపరీక్ష ముఖ్యముగా చూపునది మార్గమును. ఫలమునకు హామీ కాదు. ఇక్సీలో జయాపజయములు కణముల సంఖ్యకంటె భార్య వయస్సుపైనను, అండముల బాగుపైనను ఎక్కువగా ఆధారపడును. కణములలోని డి.ఎన్.ఏ. చీలికలను కొలుచు పరీక్షయు కలదు. పలుమార్లు గర్భస్రావమైనవారికి వైద్యుడు దానిని సూచింపవచ్చును. అందరికిని అవసరమని తేలలేదు.

ఇందుండి గ్రహింపవలసిన దొకటి. భర్త సిగ్గుపడి పరీక్షను వాయిదా వేసిన ప్రతి సంవత్సరమును భార్య వయస్సునుండి తరుగుచున్నది. పొగాకు మానుడు, వైద్యుని సలహా లేక కండబలమునకై హార్మోను సూదులు వేయించుకొనకుడు, అవి కణముల నణచివేయును. అన్నిటికంటె ముందు, ఆసుపత్రికి తొలినాడే దంపతు లిద్దరును కలసి వెళ్లుడు.