ప్రాత బాంజో: రక్షణము, వాదనము



తెలుగునాట బాంజో యన్నంతనే మీటలు నొక్కి వాయించు బుల్‌బుల్ తరంగ్ స్ఫురించును. ఇచ్చటి ప్రస్తావన దానిని గూర్చి కాదు. అమెరికా దేశమందలి అయిదు తంతుల బాంజోను గూర్చి.

దాని మూలము ఆఫ్రికా. పశ్చిమాఫ్రికాలోని జోలా జనులు సొరకాయబుఱ్ఱకు తోలు మూసి, తంతులు కట్టి వాయించు అకొంటింగు దీనికి జ్ఞాతి. బానిసలుగా ఓడల కెక్కింపబడినవారికి చేతివ్రేళ్లలోని విద్య తప్ప వేఱు సామాను లేదు. ఆ విద్యతోనే వారు పరాయిగడ్డపై వాద్యమును మరల నిర్మించుకొనిరి. 1707లో వెలువడిన హాన్స్ స్లోన్ గ్రంథమున జమైకాలోని యిట్టి వాద్యముల చిత్రము కలదు. 19వ శతాబ్దిలో తెల్లవారు దానిని నేర్చి, ముఖములకు మసి పూసికొని, ఆ నల్లవారినే పరిహసించు ప్రదర్శనలలో వాయించిరి. వాద్యము దేశమెల్ల వ్యాపించెను, కల్పించినవారు మఱుగుపడిరి.

బాంజో తంతులు కట్టిన కంజిర వంటిది. కొయ్యవలయముపై దూడతోలు పఱచి, చుట్టును కొక్కెములతో, మరలతో బిగింతురు. తోలు సంగతి డప్పు వాయించువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. వానగాలికి తోలు సడలును, దానిపై నిలిచి తంతులను మోయు కొయ్యగుఱ్ఱము క్రుంగును, నాదము మొద్దువాఱును. డప్పునైన మంటయొద్ద కాతురు. బాంజో గలవాడు తొందరపడి మరలు బిగించును. ముసురు విడిచి ఎండ కాయగనే తోలు ముడుచుకొని, ఎవరును ముట్టకయే పగులును! తడినాడు బిగించినదానిని పొడినాడు వదులు చేయవలెను. బిగించునపుడు ఒక మరను కొంచెము త్రిప్పి, దాని కెదుటిమరను అంతియే త్రిప్పవలెను. 1950ల చివర ప్లాస్టిక్ తొడుగులు వచ్చినది మొదలు ఈ బాధ తగ్గినది.

గుఱ్ఱమును అతికింపరు, తంతుల ఒత్తిడిచేతనే అది నిలుచును. కావున తంతులన్నిటిని ఒక్కమాఱు విప్పరాదు.

అన్నిటికంటె పెద్ద కీడు ఉక్కుతీగ. 19వ శతాబ్దిలోని బాంజోలు పెక్కు ప్రేగుతంతులకై చేసినవి. ఉక్కు లాగుడునకు వాని సన్నని మెడ వంగిపోవును. వంగిన మెడను సరిచేయుట మిక్కిలి కష్టము. వానికి నైలాను తంతులు మేలు.

అయిదవ తంతి పొట్టిది. మెడ నడుమనున్న బిరడనుండి బయలుదేరి, వీణయందలి ప్రక్కతంతులవలె ఒకే స్వరమును పట్టియుండును. బొటనవ్రేలు దానిని మీటుచుండ, చూపుడువ్రేలి గోరు తక్కిన తంతులపై క్రిందికి కొట్టును. అకొంటింగు వాయించు జోలావారి చేతియందును ఇదే రీతి కానవచ్చును. 1945లో బిల్ మన్రో బృందమున చేరిన ఎర్ల్ స్క్రగ్స్ మూడువ్రేళ్ల వాదనము మహావేగము గలది; దానికి ఉక్కుతీగయు, దృఢమైన వాద్యమును వలయును. ప్రేగుతంతుల ముసలి బాంజోపై ఆ భారము మోపరాదు. దానికి గోరు చాలును.