సాక్ష్యం నిలబడాలంటే
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"లాయర్‌వి కదా, ఏదన్నా పెద్ద కేసు గురించి చెప్పప్పా" అన్నారు మనవాళ్లు. ప్రభుత్వం తరఫున ఆదోని కోర్టులో నేను నడిపినవన్నీ చిన్న కేసులే. అందుకే మనందరికీ గుర్తున్న రాజీవ్ గాంధీ హత్య కేసును ప్రాసిక్యూషన్ ఎట్లా కట్టిందో చెప్తాను.

1991 మే 21 సాయంత్రం విశాఖపట్నంలో ప్రచారం ముగించుకొని రాజీవ్ మద్రాసు వెళ్లారు. ఆ రాత్రి శ్రీపెరంబుదూరులో బాంబు పేలింది. దాన్ని ఒంటికి కట్టుకొని వచ్చిన థాను అక్కడే చనిపోయింది. చంపిన మనిషే లేకపోతే బోనులో ఎవరిని నిలబెట్టాలి?

దారి చూపింది ఒక కెమెరా. ఫొటోలు తీస్తున్న హరిబాబు పేలుడులో పోయాడు, కెమెరా మిగిలింది. అందులోని ఫొటోల్లో దండ పట్టుకున్న థాను, తెల్ల కుర్తాలో శివరాసన్ కనిపించారు. ఆగస్టులో బెంగళూరు దగ్గర కోననకుంటెలో పోలీసులు చుట్టుముట్టినప్పుడు శివరాసన్ కూడా చనిపోయాడు.

ఇక రుజువు చేయాల్సింది కుట్ర. ఎవరు ఎవరింట్లో ఉన్నారు, ఎవరు ఏం కొన్నారు, ఎవరికి ఉత్తరం రాశారు అన్న చిన్న సంగతులను పూసలు గుచ్చినట్టు గుచ్చారు. 288 మంది సాక్షులను విచారించారు.

1998 జనవరి 28న టాడా కోర్టు 26 మందికీ ఉరిశిక్ష వేసింది. 1999 మే 11న సుప్రీంకోర్టు నలుగురికే ఉరి ఖాయం చేసింది, ముగ్గురికి యావజ్జీవం వేసింది. మిగతా 19 మందికి హత్య కుట్రలో భాగముందని రుజువు కాలేదంది. ఆ ముగ్గురు న్యాయమూర్తుల్లో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో పనిచేసిన సయ్యద్ షా మహమ్మద్ ఖాద్రీ ఒకరు. హత్య తర్వాత ఆశ్రయమిచ్చినంత మాత్రాన ముందే కుట్రలో ఉన్నట్టు కాదు. అంత పెద్ద నాయకుడు పోయినా, ఎవరి పాత్ర వాళ్లకు విడిగా రుజువు కావాల్సిందే.

ఇంకో సంగతి. పోలీసుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు మామూలుగా చెల్లదు. టాడాలో ఎస్పీ రాసుకుంటే చెల్లేది. బ్యాటరీలు కొన్నానని పేరరివాళన్ చెప్పినట్టు రాసుకున్నారు. అవి దేనికో తనకు తెలియదని అతను అన్న మాటను మాత్రం రాయలేదని, ఆ వాఙ్మూలం రాసిన అధికారే 2013లో బయటపెట్టారు. అప్పటికి అతను ఉరిశిక్ష పడిన ఖైదీ.

మన దిక్కున ఈరన్న స్వామి మీద ఒట్టేస్తే ఊరు నమ్ముతుంది. కోర్టుకు అది చాలదు, చూసినవాడు బోనెక్కి చెప్పాలి. పట్టపగలు నలుగురి మధ్య జరిగిన హత్యలో కూడా సాక్షులు అడ్డం తిరిగి కేసు కొట్టేయడం నేను చూశాను. వాళ్లను నిందించలేను, రేపు ఆ ఊళ్లోనే బతకాలి కదా. అయితే 2018లో సుప్రీంకోర్టు సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించింది. భయముంటే జిల్లా జడ్జి అధ్యక్షతన ఉండే కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఈ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

మనలో టీచర్లు, డాక్టర్లు, పోలీసులు, రెవెన్యూ ఉద్యోగులు ఉన్నారు. రాసేవాళ్లు ముద్దాయికి పనికొచ్చే మాటను కూడా విడవకుండా రాయండి. చూసినవాళ్లు చూసినంతే చెప్పండి. చెప్పడానికి భయపడేవాళ్లకు ఆ దరఖాస్తు రాసిపెట్టండి. ఉన్నదున్నట్టు రాయడం మనకు నేర్పింది ఈ బడే. సెలవు.