హెవీ అంటే బరువేనా?

ఇంగ్లిష్‌లో 'హెవీ' అంటే బరువైనది అని బడిలో నేర్చుకుంటాం. కానీ రోజువారీ మాటల్లో అది తూకంతో పనిలేని చోట్లకీ వెళ్తుంది. కుండపోత 'హెవీ రెయిన్'. ఈదురుగాలిని మాత్రం 'స్ట్రాంగ్ విండ్' అనడమే పరిపాటి. తెగ సిగరెట్లు కాల్చేవాడు, ఎంత బక్కపలచనివాడైనా, 'హెవీ స్మోకర్'. నాకు బాగా నచ్చేది 'హెవీ స్లీపర్'. అంటే పక్కన డప్పు కొట్టినా లేవని మనిషి, మన మొద్దునిద్ర ఆసామి! అందుకే పిల్లలకు విశేషణాన్ని ఒంటరిగా కాక, దాని జంట మాటతో కలిపి నేర్పాలి. భాషాశాస్త్రవేత్త మైకేల్ హాలిడే 1966లోనే ఈ జంటల గురించి రాశారు: టీ 'స్ట్రాంగ్' అవుతుంది, 'పవర్‌ఫుల్' కాదు, కారు 'పవర్‌ఫుల్' అవుతుంది, 'స్ట్రాంగ్' కాదు.