తల్లిని విడదీయని ఆశ్రయము



అనకాపల్లి జిల్లా నక్కపల్లి మండలములోని రాజయ్యపేట సముద్రపు టొడ్డున నున్న మత్స్యకార గ్రామము. ఇట్టి రేవుపల్లెలలో పురుషుడు వేటకు పోయినప్పుడును, వేట గిట్టక గుజరాతు తీరమందలి వేరావలు వంటి దూరపు హార్బర్లకు కూలికి పోయినప్పుడును, చంటిబిడ్డను చంక నిడుకొని చేపల గంప నెత్తి కెత్తుకొను పడుచుతల్లికి దిక్కెవరు? అత్తయో, అమ్మయో, వారును లేనినాడు పొరుగింటి పెద్దమ్మయో. అట్టి పెద్దమ్మ చేయు పనిని చట్టబద్ధమైన వ్యవస్థగా తీర్చిన దేశములును కలవు. ఇంగ్లండులో, బిడ్డను సాకగలదో లేదో యని అధికారులు సందేహించిన తల్లిని, ఒక్కొక్కప్పుడు తండ్రిని, శిశువుతో సహా శిక్షణ పొందిన యొక కుటుంబమున నుంతురు. సాధారణముగా పండ్రెండు వారముల పాటు ఆ యింటివారు బిడ్డ పోషణమును తల్లికి నేర్పుచు, చూచినది చూచినట్లు వ్రాసి యుంచుచు, బిడ్డ తల్లియొద్దనే పెరుగవచ్చునా యను నిర్ణయమునకు సాక్ష్యము సమకూర్తురు. మన దేశమున తల్లీబిడ్డల నిట్లు కలిపి సాకు గృహమునకు చట్టమున ఇంకను ప్రత్యేక స్థానము లేదు. అయినను దానికి కావలసిన భావబీజములు మన చరిత్రలో నెట్లు మొలచినవో, ఎట్లు అణగిపోయినవో నేడు కొంత విచారింతము.

మొదటి బీజము పుట్టిల్లు. కడుపుతో నున్న కూతురును పురిటికి తెచ్చి, బాలింతకు కాయము పెట్టి, పథ్యము నడిపి, బిడ్డకు నలుగు పెట్టుట, నీళ్లు పోయుట, సాంబ్రాణి పొగ వేయుట చేతులార చూపి, తల్లియు బిడ్డయు గట్టిపడిన పిమ్మట పసుపు కుంకుమలతో సాగనంపు నాచారమున, సాకుట, నేర్పుట, సాగనంపుట యను మూడు ధర్మములును ఇమిడి యున్నవి. కాని పుట్టిల్లు రక్తసంబంధమున్నవారికే తలుపు తీయును. అనాథకు, కులము వెలివేసిన దానికి, భర్త కొట్టి తరిమిన దానికి ఒక్కొక్కప్పుడు కన్నవారి గుమ్మమే మూసికొనును.

ఆ మూసిన తలుపునకు బదులుగా తమ తలుపు తెరచినవారిలో అగ్రగణ్యులు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. 1881వ సంవత్సరము డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున గోగులపాటి శ్రీరాములుకును గౌరమ్మకును జరిగిన, తెలుగునాట ప్రథమమైన వితంతు వివాహమును మనము సంస్కరణచరిత్రగా చదువుదుము. కాని పెండ్లి ఒకనాటి కార్యము, పెండ్లియాడినవారి బ్రతుకు నిత్యకార్యము. బంధువులు వెలివేయగా, వంటవారు, నీళ్లు మోయువారు పని మానుకొనగా, పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరి నీరు మోసి, వండి వడ్డించి, ఆ యింటిని నిలబెట్టిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనమిచ్చిరి. ధనముతో తీరని పనిని ఆ యిల్లాలు చేసినది. ఆశ్రయము పొందినవారందరును కృతజ్ఞులుగా నుండలేదనియు, పరుల సంసారము నెత్తిన వేసికొనుటలో చిక్కులు లేకపోలేదనియు పంతులుగారి స్వీయచరిత్రము చదివినవారెరుగుదురు. ఆ పిమ్మట 1902లో గుంటూరున ఉన్నవ లక్ష్మీనారాయణగారు వితంతు శరణాలయమును, 1922లో స్త్రీవిద్యకై శారదానికేతనమును స్థాపించిరి. ఇట్లు గృహధర్మము క్రమముగా సంస్థాధర్మమైనది. అందువలన ఎక్కువమందికి నీడ దొరికినది, కాని ఇంటి చనువు కొంత తగ్గినది.

ఇదే కాలమున ప్రభుత్వపు దృష్టి వేరొక దారిని పోయినది. 1920లో మద్రాసు రాజధానిలో, దేశమునకే మొదటిదిగా, బాలల చట్టము వచ్చినది. అనకాపల్లి ప్రాంతము నాడు చేరియున్న విశాఖపట్టణము జిల్లాయు ఆ రాజధానిలోనిదే. దిక్కులేని బిడ్డను బంధువుకో, తగిన వ్యక్తికో అప్పగించుట కది వీలు కల్పించినది, మంచిదే. కాని ఆ చట్టమునకు కనబడినది బిడ్డ ఒక్కడే; బిడ్డ వెనుక నిలిచిన తల్లికి తోడ్పాటు అక్కర యని దానికి తోచలేదు. 1924 నాటి నేరస్థజాతుల చట్టమైతే మరియు ఘోరమైనది: ఆరేండ్లు దాటి పదునెనిమిదేండ్లు నిండని పిల్లలను తలిదండ్రులనుండి వేరుచేసి సంస్కరణ పాఠశాలల నుంచు నధికారమును అది ప్రభుత్వమున కిచ్చినది. స్టువర్టుపురము, కావలి, సీతానగరము ఆ జాతులను నిర్బంధించిన సెటిల్‌మెంట్లుగా నడచిన కాలమది. తల్లినే దోషముగా నెంచి బిడ్డను కాపాడబూనిన విద్య ఎంతటి దారుణమునకు దారితీయునో చెప్పుటకు అంతకు మించిన నిదర్శనము వలదు.

దృష్టి మరలుటకు చాలకాలము పట్టినది. 1989 నాటి ఐక్యరాజ్యసమితి బాలల హక్కుల ఒడంబడిక, బిడ్డ మేలునకు తప్పనిసరి యైనప్పుడు తప్ప తలిదండ్రులనుండి వేరుచేయరాదని తొమ్మిదవ అధికరణమున నిర్దేశించినది. భారతదేశము దానిని 1992లో అంగీకరించినది. 2006 ఏప్రిలు 13న సుప్రీంకోర్టు, ఆర్. డి. ఉపాధ్యాయ వర్సెస్ ఆంధ్రప్రదేశ్ రాష్ట్రము అను కేసులో, కారాగారమందున్న తల్లియొద్ద ఆరేండ్ల వరకు బిడ్డ నుండనీయవలెననియు, జైలునకు శిశుసంరక్షణ గృహము ఉండవలెననియు, జైలులో పుట్టిన శిశువు జన్మస్థలముగా జైలును వ్రాయరాదనియు, ఆరేండ్లు నిండి బయటికి పోయిన బిడ్డకు వారమున కొకసారియైన తల్లిని చూపవలెననియు ఆదేశించినది. నేరము చేసిన తల్లికే బిడ్డపై ఇంత హక్కును న్యాయస్థానము గుర్తింపగా, పేదరికము తప్ప వేరొక నేరమెరుగని తల్లికి అంతకంటె తక్కువ దక్కుట న్యాయమా?

నేటి స్థితి యిది. 2015 నాటి బాలన్యాయ చట్టము 44వ సెక్షను పోషక కుటుంబమున బిడ్డ నుంచుటకు వీలు కల్పించును. 2024లో సవరించిన మార్గదర్శకములు ఒంటరిగా నున్నవారికిని ఆ యవకాశము నిచ్చినవి. మిషన్ వాత్సల్య యను కేంద్రపథకము క్రింద అట్లు పోషక కుటుంబమున నున్న బిడ్డకు నెలకు 4,000 రూపాయలు లభించును. కాని యిదంతయు తల్లినుండి వేరైన బిడ్డ కొరకే. తల్లికి ఆశ్రయము కావలసినచో మిషన్ శక్తి క్రింద నేర్పడిన శక్తిసదనములు కలవు. 2022 వరకు ఇట్టి ఆశ్రయములు స్వాధార్ గృహములను పేర నడచినవి. అచ్చట పిల్లలతో నుండవచ్చును గాని, నిర్ణీత వయసు దాటిన కుమారునకు చోటులేదు. వాడు వేరొక వసతిగృహమునకు పోవలసినదే. బిడ్డ కొక పథకము, తల్లి కొక పథకము. ఇద్దరిని కలిపి సాకు కుటుంబమువంటి యిల్లు లేదు.

అట్టి యింటిని నడుప బూనువారు ముందుగా నెరుగవలసినది, తామేమి చేయరాదో యన్నది. బిడ్డ యేడ్చిన వెంటనే తామెత్తుకొనరాదు. తల్లి యెత్తుకొనువరకు ఓర్చి, ఆమె కదలనినాడు మాత్రమే చేయి చాపవలెను. పాలు పట్టుట ఆమె చేతనే జరుగవలెను. తప్పిన, తిట్టక, మరల చూపవలెను. రాత్రులు నిద్ర చెడును. కూడబెట్టిన ఓర్పు ఒక్క మాటతో ఒలికిపోవును. అన్నిటికంటె కష్టమైనది ఆదరమును, సత్యమును రెంటిని నిలుపుట: ప్రొద్దుట అన్నము పెట్టిన చేతితోనే సాయంకాలము ఆమె తప్పులను దినచర్యలో వ్రాయవలెను, వ్రాసినది ఆమెకు చదివి వినిపింపవలెను. బిడ్డకు ప్రమాదమని తోచిననాడు మొగమాటము విడిచి చెప్పవలెను. ఆరంభమున ఆతిథేయి, నడుమ గురువు, తుదకు సాక్షి. ఈ మూడు పాత్రలును ఒక్కరియందే కూడవలెను.

ఇందుకు క్రొత్త భవనము లక్కరలేదు. 1975లో ఆరంభమైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల వలన పల్లెపల్లెను అంగన్‌వాడీ కలదు. జిల్లాలలో బాలల సంక్షేమ సమితులు కలవు. రాజయ్యపేట వంటి పల్లెలలో పదిమంది పిల్లలను పెంచిన చేతులు కలవు. లేనిది ఒక్కటే, తల్లికిని బిడ్డకును కలిపి యిచ్చు భరణమును, ఆ యింటి పెద్దకు శిక్షణమును, అంగన్‌వాడీ కార్యకర్త తరచు వచ్చి చూచు ఏర్పాటును కల యొక నిబంధన. బిడ్డకు పెట్టు ఖర్చులో కొంత తల్లిని నిలబెట్టుటకు పెట్టినచో, రేపు ఆ బిడ్డకు వేరొక యిల్లు వెదకవలసిన పనియే అనేకచోట్ల తప్పును. ఈ మాటను జిల్లా యధికారులును, మహిళా సంఘములును చెవిని బెట్టుదురు గాక.