సియోల్‌లో నూటపాతికేళ్లకు దగ్గరపడిన హోటల్, మా తాతయ్య హోటల్

కొరియన్ ఫుడ్ అనగానే మనకి కె-డ్రామాల్లో చూసిన నూడుల్స్, కిమ్చీ గుర్తొస్తాయి. ఈరోజు చెప్పబోయేది వేరే కథ.

సియోల్ నగరం నడిబొడ్డున, జోంగ్నో ఏరియాలో 'ఇమున్ సల్లంగ్‌తాంగ్' అనే హోటల్ ఉంది. 1904లో మొదలైందని చెప్తారు. సియోల్‌లో ఇప్పటికీ నడుస్తున్న హోటళ్లలో ఇదే పాతది అంటారు.

సల్లంగ్‌తాంగ్ అంటే ఎద్దు ఎముకల పులుసు. పెద్ద ఇనుప గంగాళంలో గంటల తరబడి మరిగిస్తే నీళ్లు పాలలా తెల్లబడతాయి. అందులోనే అన్నం, సన్న నూడుల్స్, మాంసం ముక్కలు. బీఫ్ తినని వాళ్లు కథ మాత్రం వినండి. తమాషా ఏంటంటే, వంటింట్లో ఉప్పు వెయ్యరు. టేబుల్ మీద ఉప్పు, ఉల్లికాడలు పెడతారు, ఎవరి రుచికి తగ్గట్టు వాళ్లు కలుపుకోవాలి.

వండటానికి గంటలు, వడ్డించడానికి నిమిషాలు. అందుకే 1920, 30లలో సియోల్‌కి ఇదే ఫాస్ట్ ఫుడ్. సైకిళ్ల మీద ఇంటికి డెలివరీ కూడా చేసేవాళ్లు! మన యాప్‌లకి ఎన్నేళ్ల ముందో చూడండి.

సోన్ కీ-చంగ్ కూడా ఇక్కడ రెగ్యులర్ కస్టమర్ అని చెప్తారు. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో మారథాన్ గోల్డ్ కొట్టింది ఆయనే. అప్పుడు కొరియా జపాన్ పాలనలో ఉంది కాబట్టి, ఛాతీ మీద జపాన్ జెండాతో పరుగెత్తాల్సి వచ్చింది. అలాంటి మనిషికి సొంత భాష వినిపించే చోట, ఒక గిన్నె వేడి పులుసు అంటే ఎంతో ఆలోచించండి.

తర్వాత 1950లో యుద్ధం వచ్చింది, సియోల్ నాలుగుసార్లు చేతులు మారింది. హోటల్ మాత్రం మిగిలింది. చివరికి రీడెవలప్‌మెంట్‌లో పాత చోటు పోయింది. 2011లో దగ్గర్లోనే ఇంకో చోటికి మారి, అదే పులుసు మళ్లీ పొయ్యి మీద పెట్టారు. 2013లో సియోల్ నగరం దీన్ని 'భవిష్యత్ వారసత్వం' లిస్టులో చేర్చింది. పాత గోడలు లేకపోయినా సరే!

ఇది చదివినప్పుడు నాకు మా తాతయ్య గుర్తొచ్చారు. మా ఊళ్లో ఆయనకి చిన్న టిఫిన్ హోటల్ ఉండేది. నేను టెన్త్‌లో ఉండగా రోడ్డు వెడల్పులో పోయింది. షాపు పోయింది కదా అని మేము వంట కూడా వదిలేశాం. ఆయన అల్లం చట్నీ ఎలా చేసేవారో ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ తెలీదు. నాన్నని అడిగితే, "బెల్లం కొంచెం ఎక్కువ వేసేవాడురా" అని ఆగిపోయారు. ఆయన దగ్గర మిగిలింది ఆ ఒక్క ముక్కే.

మీ ఇంట్లో అమ్మమ్మో నానమ్మో ఉంటే, ఈ ఆదివారం వంటింట్లోకెళ్లి ఫోన్ కెమెరా ఆన్ చెయ్యండి. "ఉప్పు ఎంత?" అంటే "చూసి వెయ్యాలిరా" అంటారు. ఆ చెయ్యిని కూడా రికార్డ్ చెయ్యండి. ఏ వంట తీశారో కామెంట్స్‌లో చెప్పండి. ఉంటాను.