కుంటి గుర్రానికి పిల్ల కావాలా?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పశువైద్యుడిగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసిన నన్ను "ఏదైనా అనుభవం చెప్పు" అన్నారు నిర్వాహకులు. బర్రెల గురించి చెబుతానని మీరు అనుకుంటారు. ఈ రోజు గుర్రం గురించి చెబుతాను.

మనం ఎల్లారెడ్డిలో చదువుకునే రోజుల్లో కామారెడ్డి స్టేషన్ బయట టాంగాలు వరుసగా నిలబడేవి. వాటిలో ఒకటి మా క్లాస్‌మేట్ వాళ్ల నాయనది. టాంగాలు పోయాయి. కానీ ఆ ఇంట్లో గుర్రం పోలేదు. పెళ్లి బరాత్‌లకు ఒక తెల్లటి ఆడగుర్రాన్ని పెట్టుకున్నాడు మా మిత్రుడు. పేరు చాందిని. రెండేళ్ల కింద అది కాలువలో పడి వెనక కాలు విరిగింది. ప్రాణం దక్కింది గానీ గిట్ట పైన కీలు బిగుసుకుపోయింది.

ఒక రాత్రి ఫోన్ చేశాడు. "అరే డాక్టరూ, దాని కడుపున ఒక్క పిల్ల పుడితే చాలురా. ఆ రక్తం మా ఇంట్ల ఉండాలె."

వెళ్లి చూశాను. మగగుర్రంతో దాటించే ప్రశ్నే లేదు. మూడు నాలుగు వందల కిలోల బరువును ఆ కాలు మోయలేదు. మరి దారి లేదా అంటే, ఉంది. మన బర్రెలకు సూది వేయించినట్టే గుర్రానికీ కృత్రిమ గర్భధారణ చేయవచ్చు. మగగుర్రానికే వెనక కాళ్లు దెబ్బతింటే, ఎగబాకే పని లేకుండా నిలబడిన చోటే వీర్యం సేకరించే పద్ధతి కూడా ఉంది. అయితే చాందిని చూలుతో పదకొండు నెలలు ఆ మూడు కాళ్ల మీదే మోయాలి.

దానికి జవాబు పిండ మార్పిడి. ఆడగుర్రం అండం విడుదల చేసిన ఏడెనిమిది రోజులకు గర్భాశయాన్ని ద్రవంతో కడిగి, ఆ ద్రవాన్ని వడగట్టి, కంటికి కనిపించనంత పిండాన్ని మైక్రోస్కోప్ కింద వెతికి పట్టుకుంటారు. దాదాపు అదే సమయంలో అండం విడుదల చేసిన ఆరోగ్యమైన మరో ఆడగుర్రం గర్భంలో ఉంచుతారు. మోసేది ఒకరు, పోలికలు మరొకరివి. ఆవులకు మందులిచ్చి ఒకేసారి చాలా అండాలు రాబట్టవచ్చు. గుర్రాల్లో అది అంతగా కుదరదు. సాధారణంగా ఒక ఎదకు ఒక్క పిండం, అదీ దొరికితే.

ఇది మన దేశంలోనే జరిగింది. జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం బికనీర్ ప్రాంగణంలో 2023 మే నెలలో పిండ మార్పిడి ద్వారా మార్వాడీ జాతి పిల్ల పుట్టింది. రాజ్ ప్రథమ అని పేరు పెట్టారు. అదే ఏడాది అక్టోబరులో, గడ్డకట్టించి దాచిన పిండం నుంచి రాజ్ హిమాని పుట్టింది. మలక్‌పేటలో పరుగెత్తే థరోబ్రెడ్ పందెపు గుర్రాలకు మాత్రం ఈ దారి లేదు. వాటి వంశావళి పుస్తకాల్లో సహజంగా దాటించగా పుట్టిన పిల్లలనే నమోదు చేస్తారు.

ఇదంతా విని మా మిత్రుడి మొహం వెలిగింది. నాకు మాత్రం మన జీవశాస్త్రం సారు గుర్తుకొచ్చారు. కప్పను కోయడానికి బ్లేడు పట్టుకున్న నన్ను ఆపి, "ఎట్ల కోయాలె అన్నది తర్వాత. ఎందుకు కోయాలె, ముందు అది చెప్పు" అన్నారు.

నేను వేసుకున్న మొదటి ప్రశ్న: ఈ అవిటితనం ఎక్కడిది? దెబ్బ వల్ల వచ్చినది పిల్లకు రాదు. పుట్టుకతో వచ్చినదైతే వంశంలో దిగవచ్చు. అమెరికాలో ఇంప్రెసివ్ అనే పేరున్న క్వార్టర్ హార్స్ సంతతిలో కండరాలు వణికి కూలిపోయే జబ్బు ఎంతగానో పాకింది. దాని జన్యులోపం 1992లో గానీ తేలలేదు. ఒక్క మగగుర్రం వీర్యం వందల గుర్రాలకు చేరే పద్ధతిలో గుణంతో పాటు లోపమూ అంతే వేగంగా చేరుతుంది.

చాందినిది దెబ్బే. ఆ ప్రశ్న దాటింది. రెండో ప్రశ్న: దానికి నొప్పి ఉందా? నేను చూసినంతసేపూ అది ఆ కాలు నేలకు ఆనించలేదు. పిండం తీయాలంటే రోజూ స్కానింగ్, గొట్టాలు, పదేపదే కట్టుకొయ్యల మధ్య నిలబెట్టడం. ఆ సౌకర్యం నా దగ్గర లేదు. బికనీర్ తీసుకుపోవాలంటే వెయ్యి కిలోమీటర్లకు పైగా లారీలో మూడు కాళ్ల మీద నిలబడాలి.

వద్దన్నాను.

"చదువుకున్నది ఇందుకేనారా?" అన్నాడు. ఆర్నెల్లు మాట్లాడలేదు. ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. చేయగలిగిన విద్య ఉండి కూడా వద్దనడం తేలిక కాదు.

వద్దని ఊరుకోలేదు. చాందినికి ఒకే తల్లీ తండ్రికి పుట్టిన చెల్లెలు వాళ్ల బంధువుల దగ్గర ఉంది. ఆ రక్తమే కావాలంటే అక్కడ దొరుకుతుంది కదా అన్నాను. నిరుడు దాన్ని దాటించారు. ఈ ఎండాకాలం ఈనింది. ఫోన్ మొదట నాకే వచ్చింది.

చాందిని ఇప్పుడు ఎల్లారెడ్డి దగ్గర వాళ్ల చెలకలో మెత్తటి నేల మీద ఉంటోంది. నెలకోసారి గిట్టలు చూడటానికి వెళుతున్నాను. మిత్రుడు ఇదే సభలో మూడో వరుసలో కూర్చున్నాడు. ఇప్పటికీ నా మాట పూర్తిగా ఒప్పుకోడు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, మీలో పశువైద్యం చదివేవాళ్లు నాకంటే ఎక్కువ విద్యలు నేర్చుకుంటారు. నేర్చుకోండి. కానీ చేతిలోకి పరికరం తీసుకునే ముందు మన సారు అడిగిన ప్రశ్న ఒక్కసారి అడుక్కోండి.